తెరమీద డాక్టరు ఉంటే చాలదు, రోగి పక్కన నర్సు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

డాక్టర్లు దొరకని చోట టెలిమెడిసిన్, అంటే దూరంగా ఉన్న డాక్టరు వీడియోలోనో ఫోన్లోనో రోగిని చూసే పద్ధతి, పెట్టేస్తే సమస్య తీరిపోతుందన్న మాట ఈమధ్య తరచుగా వినపడుతోంది. స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన నాకు ఆ పద్ధతి మీద గట్టి నమ్మకం ఉంది. నమ్మకం ఉంది కాబట్టే దాన్ని నడిపే తీరు చూసి దిగులు పడి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక గదిలో కంప్యూటరు, కెమెరా బిగించేసి, దగ్గర ఉండే మనిషిని వేయకుండా, ఇక స్పెషలిస్టు మీ ముంగిట్లోకి వచ్చేశాడంటే ఎలా?

వీడియో వల్ల డాక్టరు సమయం పెరగదు. ఎదురుగా కూర్చున్న రోగికి పది నిమిషాలు పడితే తెరమీది రోగికీ ఇంచుమించు అంతే పడుతుంది. మాట సరిగా వినపడక అడిగిందే అడగడంలో ఇంకాస్త పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2030 నాటికి ప్రపంచం మొత్తం మీద కోటి మందికి పైగా ఆరోగ్య సిబ్బంది తక్కువ పడతారు. ఆ లోటు ఎక్కువగా ఆదాయం తక్కువ ఉన్న దేశాల్లోనే. ఇంత పెద్ద లోటును ఉత్త వీడియో కాల్స్ పూడ్చలేవు. స్పెషలిస్టు చూడనక్కర్లేని కేసు ఆయన దాకా పోకుండా ఆగాలి, చూసి తీరాల్సిన కేసు ఆలస్యం లేకుండా ఆయన ముందుకు రావాలి. టెలిమెడిసిన్ లాభమంతా ఇక్కడే ఉంది. ఈ వడపోత చేయాల్సింది రోగి పక్కనున్న మనిషి.

కాళ్లు వాచాయని ఒక పెద్దావిడ వచ్చిందనుకోండి. వాపు కెమెరాలో కనిపిస్తుంది. అది ఎలాంటి వాపో తెలియాలంటే మాత్రం మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కిపట్టి వదలాలి. గుంట పడి అలాగే ఉండిపోతే నీరు చేరిందని అర్థం. అప్పుడు గుండె, కిడ్నీలు, లివరు, వాడుతున్న మందులు అన్నీ ఆలోచించాలి. ఆ నొక్కే వేలు నర్సుది. బీపీ, ఆక్సిజన్ చూసేది, డిజిటల్ స్టెతస్కోపు సరైన చోట ఆనించేది, "పడుకుంటే ఆయాసం వస్తోందా అమ్మా, రాత్రిళ్లు ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు?" అని అడిగేది కూడా ఆ నర్సే. ఇవన్నీ ముందే చూసి చెప్పగలిగితే అవతలి డాక్టరు ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. చెప్పేవాళ్లు లేకపోతే అరగంట మాట్లాడినా చివరికి "ఒకసారి ఇక్కడికి తీసుకురండి" అనే అంటారు. ఆయన్ని తప్పు పట్టలేం. చేయి వేసి చూడకుండా మందు రాయడానికి ఏ మంచి డాక్టరుకైనా మనసొప్పదు.

నా మాటకు రుజువుంది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో డాక్టర్ సంజీవ్ అరోరా అనే లివర్ స్పెషలిస్టు పనిచేసే యూనివర్సిటీ క్లినిక్కులో చూపించుకోవాలంటే హెపటైటిస్ సి (వైరస్ వల్ల లివరుకు వచ్చే జబ్బు) రోగులు ఎనిమిది నెలలు ఆగాల్సి వచ్చేది. ఆయన 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. దూరంగా ఉన్న చిన్న క్లినిక్కుల వాళ్లు, జైళ్లలోని వైద్య సిబ్బంది వారం వారం వీడియోలో చేరి తమ కేసులు వివరించేవారు, యూనివర్సిటీ స్పెషలిస్టులు దారి చూపేవారు. వైద్యం మాత్రం అక్కడివాళ్లే చేసేవారు. 407 మంది రోగుల ఫలితాలు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. యూనివర్సిటీ క్లినిక్కులో 57.5 శాతం మందికి వైరస్ పోతే, ఈ చిన్న కేంద్రాల్లో 58.2 శాతం మందికి పోయింది. స్పెషలిస్టులు తమ విద్యను పంచిపెడితే కింద ఉన్నవాళ్లు వాళ్లతో సమానంగా వైద్యం చేయగలరని తేలిపోయింది. నర్సులను, చిన్న క్లినిక్కుల డాక్టర్లను తక్కువగా చూసేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చదవాలి.

అసలు చాలా వాటికి ఇద్దరూ ఒకే సమయంలో తెర ముందుకు రానక్కర్లేదు. షుగర్ రోగుల రెటీనా ఫొటోలు, చర్మం మీది మచ్చల ఫొటోలు, ఈసీజీలు పంపిస్తే డాక్టరు వీలు చూసుకుని వరసగా చూసేస్తారు. బీపీ మందు పనిచేస్తోందో లేదో కనుక్కోవడానికి ఇంట్లో రాసిపెట్టుకున్న రీడింగులు, ఒక ఫోన్ కాల్ చాలు. లైవ్ వీడియోకు తిరుగులేని విలువ ఉన్నది పక్షవాతం లాంటి చోట. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అయితే అక్కడ కూడా సీటీ స్కాన్ తీసేవాళ్లు, ఇంజెక్షను చేసేవాళ్లు రోగి ఉన్న ఆసుపత్రిలోనే ఉండాలి.

ఆచరణలో జరిగేది వేరు. టీకాలు, గర్భిణుల పరీక్షలు, రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలతో అప్పటికే సతమతమవుతున్న నర్సుకే టెలి డ్యూటీ కూడా అంటగడతారు. రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చి, రోజుకు ఇన్ని కాల్స్ కావాలని టార్గెట్ పెడతారు. అవతల డాక్టరు పరిస్థితీ అంతే, నిండా ఓపీ చూస్తూనే మధ్యలో కాల్ ఎత్తాలి. టార్గెట్ కోసం జలుబు, దగ్గు కేసులన్నీ కాల్స్‌గా మారిపోతే స్పెషలిస్టు సమయం మిగలకపోగా ఉన్నది కూడా కరిగిపోతుంది. ఈ లెక్కలు చూసి పథకం బ్రహ్మాండంగా నడుస్తోందని పై అధికారులు అనుకుంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

కాబట్టి టెలిమెడిసిన్‌కు కేటాయించే డబ్బులో మొదటి ఖర్చు రోగి పక్కన ఉండే మనిషి మీద పెట్టాలి. ఆ పనికి విడిగా పోస్టు ఉండాలి, పరీక్ష చేయడంలో నెలల తరబడి శిక్షణ ఉండాలి, జీతం దానికి తగ్గట్టు పెరగాలి. డాక్టరు డ్యూటీ చార్టులో టెలి గంటలను విడిగా రాయాలి, ఆ గంటల్లో ఓపీ వేయకూడదు. కెమెరాలు, తెరలు ఆ తర్వాత కొనుక్కోవచ్చు.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఇకమీదట ఈ పథకాల గురించి అధికారులను అడిగేటప్పుడు ఎన్ని కాల్స్ వచ్చాయన్న దగ్గర ఆగిపోకండి. ఎంతమందికి వైద్యం అక్కడికక్కడే అయిపోయింది, ఎంతమందిని ఆసుపత్రికి పంపారు, పంపినవాళ్లలో నిజంగా చేరినవాళ్లు ఎందరు, ఆ గదిలో నర్సు పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది అని అడగండి. వచ్చిన జవాబులను అలాగే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు