పొట్టిపురం న్యూట్రినో ప్రాజెక్టు ఉన్నట్టా, లేనట్టా?

సంపాదకుడు గారికి నమస్కారం.

చైనాలోని జూనో న్యూట్రినో ప్రయోగశాల తొలి ఫలితాల గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. బాగా రాశారు. న్యూట్రినోలంటే దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి సూక్ష్మమైన కణాలు. కానీ ఒక ముఖ్యమైన సంగతి అందులో రాలేదు. సరిగ్గా అదే ప్రశ్నకు జవాబు వెతకడానికి మన దేశం కూడా ఒక ప్రయోగశాల తలపెట్టింది. తమిళనాడులోని తేని జిల్లా పొట్టిపురం దగ్గర, మిగతా కణాలను పైనున్న రాయి అడ్డుకునేలా కొండ కింద కట్టాల్సిన ఆ ప్రాజెక్టుకు 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం సుమారు 1,500 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. జూనో పనులు మొదలైందీ ఆ ఏడాదే. వాళ్ళు 2025 ఆగస్టు 26 నుంచి డేటా తీసుకుంటున్నారు. మన కొండలో ఇంతవరకు సొరంగం పనే మొదలు కాలేదు.

ఆ ప్రశ్న ఇది. న్యూట్రినోల బరువులు మూడు. వాటిలో ఒకటి మిగతా రెండింటికీ దూరంగా ఉంటుంది. అది ఆ రెండింటికన్నా బరువైనదా, తేలికైనదా అన్నది ఇంకా తేలలేదు. జూనో దీన్ని అణువిద్యుత్ కేంద్రాల సాయంతో తేల్చబోతోంది. యాంగ్జియాంగ్, తైషాన్ కేంద్రాలు రెండింటికీ 53 కిలోమీటర్ల దూరంలో, 700 మీటర్ల లోతున, 35 మీటర్ల అడ్డుకొలత ఉన్న యాక్రిలిక్ గోళంలో 20 వేల టన్నుల ప్రత్యేక ద్రవం నింపారు. రియాక్టర్ నుంచి వచ్చిన యాంటీన్యూట్రినో (న్యూట్రినోకు ప్రతికణం) ఆ ద్రవంలో ఒక ప్రోటాన్‌ను తాకితే చిన్న మెరుపు వస్తుంది. సెకనులో సుమారు ఐదు వేలో వంతు గడిచాక ఇంకో మెరుపు. అప్పుడు పుట్టిన న్యూట్రాన్‌ను ఏదో ఒక హైడ్రోజన్ పట్టేసుకుందన్నమాట. ఈ జంట మెరుపులను వేల కొద్దీ కాంతిని పసిగట్టే గొట్టాలు కాపలా కాసి పట్టుకుంటాయి. అసలు ప్రశ్నకు జవాబు రావడానికి ఏళ్ళు పడుతుంది గానీ, మొదటి 59 రోజుల డేటాతోనే న్యూట్రినోలకు సంబంధించిన రెండు కొలతలను అంతకు ముందున్న వాటికన్నా 1.6 రెట్లు కచ్చితంగా ఇచ్చేశారు.

మనవాళ్ళు ఎంచుకున్న దారి వేరు. 50 వేల టన్నుల ఇనుప పలకలు, వాటి మధ్య గాజు డిటెక్టర్లు, మొత్తం ఒక పెద్ద అయస్కాంతం. వాతావరణంలో పుట్టిన న్యూట్రినో ఇనుమును తాకి మ్యువాన్‌ను (ఎలక్ట్రాన్ లాంటిదే, ఇంకా బరువైన కణం) పుట్టిస్తే దాని దారి ఒక వైపు వంగుతుంది, యాంటీన్యూట్రినో అయితే రెండో వైపు. జూనో గోళంలో అయస్కాంతం లేదు, కాబట్టి ఈ పని దానితో కాదు. అంటే చైనావాళ్ళు ముందు వెళ్ళారు కాబట్టి మనది దండగ అనుకోనక్కర్లేదు. దీని నమూనా 85 టన్నులతో మదురైలో పనిచేస్తోంది కూడా.

మరి ఎందుకు ఆగింది? ఊరివాళ్ళ అజ్ఞానం అని తేల్చేసేవాళ్ళను చూస్తే నాకు చిరాకు. న్యూట్రినోల వల్ల హాని ఉండదన్నది నిజమే. సూర్యుడి నుంచి వచ్చేవే సెకనుకు, చదరపు సెంటీమీటరుకు సుమారు 6,500 కోట్లు మన ఒంట్లోంచి దూసుకుపోతున్నాయి. అణు వ్యర్థాలు దాచడానికే కొండ తవ్వుతున్నారన్న ప్రచారానికీ ఆధారం లేదు. కానీ పేలుళ్ళు, తవ్వి తీసిన రాయి, పక్కనే మతికెట్టాన్ షోలా అడవి, పులుల దారి, వీటి గురించి అడిగినవి అడగాల్సిన ప్రశ్నలే. వాటికి సమాధానం చెప్పిన తీరు చూడండి. 2017లో హరిత ట్రైబ్యునల్ పర్యావరణ అనుమతిని పక్కన పెట్టింది. 2018లో కేంద్రం మళ్ళీ అనుమతి ఇచ్చింది, ఎలాగంటే దాదాపు రెండు కిలోమీటర్ల సొరంగాన్ని భవన నిర్మాణాల కేటగిరీ కింద చూపించి! నమ్మకం ఎలా కుదురుతుంది? 2022లో తమిళనాడు ప్రభుత్వం తమకీ ప్రాజెక్టు వద్దని సుప్రీంకోర్టుకు చెప్పేసింది.

ఇక్కడే మా పొరుగు సంగతి గుర్తు చేయాలి. మా చిత్తూరు జిల్లా పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లో, 2.3 కిలోమీటర్ల లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ బృందాలతో కలిసి 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. పైనుంచి వచ్చే మ్యువాన్లు నిలువుగా దిగుతాయి. అందుకని డిటెక్టర్లను గోడల్లా నిలబెట్టి, పక్కవాటుగా వచ్చే గీతల కోసం కాచుకున్నారు. అలా అడ్డంగా వచ్చిందంటే అది న్యూట్రినో పుట్టించినదే. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకో బృందం కూడా చూసింది. పేపర్ మాత్రం ముందు మనదే అచ్చయింది. 2001లో గనులు మూతపడ్డాయి, లోపల నీళ్ళు నిండాయి.

అమెరికాలోని సౌత్ డకోటాలో హోమ్‌స్టేక్ బంగారు గని కూడా ఆ రోజుల్లోనే, 2002లో మూతపడింది. అందులోనూ నీళ్ళు నిండాయి. కానీ ఆ రాష్ట్రం గనిని చేతికి తీసుకుని నీళ్ళు తోడించి ప్రయోగశాల చేసింది. డ్యూన్ న్యూట్రినో ప్రయోగం కోసం అక్కడ సుమారు 8 లక్షల టన్నుల రాయి తవ్వే పని 2024లో పూర్తయింది. మనకేమో ఝార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ఒక చిన్న ల్యాబ్ ఉంది, అంతే.

కోలారును తిరిగి తెరవడం తేలిక అని నేననను. నీళ్ళు తోడాలి, పాత సొరంగాల్లో రాయి ఎంత గట్టిగా ఉందో చూడాలి, ఖర్చు తడిసి మోపెడు కావచ్చు. అయినా లెక్క వేసి చూస్తే కదా తెలిసేది? అణుశక్తి విభాగం పొట్టిపురం ప్రాజెక్టు నడుస్తుందో, మూసేశారో పార్లమెంటులో తేల్చి చెప్పాలి. మూసేస్తే ఆ మాట ఒప్పుకుని, కోలారుతో సహా పాత గనులు ఇందుకు పనికొస్తాయో లేదో నిపుణుల చేత పరిశీలన చేయించి, ఆ నివేదికను కన్నడం, తమిళం, తెలుగుల్లో జనం ముందు పెట్టాలి. ఈసారి పర్యావరణ అధ్యయనం ముందు, శంకుస్థాపన తర్వాత. మన ఎంపీల్లో ఎవరైనా వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న వేస్తే, ఆ జవాబును మీ పత్రిక పూర్తిగా అచ్చు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, పలమనేరు