ఊరి నడుమ నిలువురాళ్ళు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పోయిన ఆదివారం ఇక్కడ ఇంగ్లండ్‌లో పాతకాలపు నిలువురాళ్ళున్న ఏవ్‌బరీ అనే ఊరు వెళ్ళొచ్చాను. ముందు నీకే రాయాలనిపించింది. ఆ రాళ్ళ మధ్య తిరిగినంతసేపూ నిలువురాళ్ళున్న మీ ఊరు ముడుమాలే కళ్ళ ముందు మెదిలింది మరి.

స్విండన్‌లో బస్సెక్కితే తిన్నగా ఊళ్ళో దిగొచ్చు. రాళ్ళ వలయం లోపలే ఊరుందిరా! ఇళ్ళు, ఒక పబ్బు, మధ్యలోంచి రోడ్డు. ఇక్కడి ఇంకో రాళ్ళ వలయం స్టోన్‌హెంజ్‌లోలా తాడు కట్టి దూరంగా ఆపెయ్యరు. పక్కనే గొర్రెలు మేస్తుంటే, నాకు రెండింతలున్న రాయికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. చెక్కిన రాయి కాదు, దొరికినదాన్ని దొరికినట్టే లాక్కొచ్చి నిలబెట్టారు. దాదాపు 4500 ఏళ్ళ కిందట! చుట్టూ ఉన్న కందకాన్ని జింక కొమ్ములతో తవ్వారట. అప్పట్లో లోతు 9 మీటర్లు.

ఇంత కష్టపడి నిలబెట్టినవాటిని 14వ శతాబ్దంలో ఊరివాళ్ళే గోతులు తీసి పూడ్చారు. 18వ శతాబ్దానికి మంటపెట్టి కాల్చి, నీళ్ళు పోసి పగలగొట్టి ఇళ్ళకు వాడుకున్నారు. 1938లో అలెగ్జాండర్ కైలర్ అనే పురావస్తు పరిశోధకుడు, అలా ఊరివాళ్ళు పూడ్చిన రాయి ఒకటి తవ్వించి చూస్తే కింద మనిషి అస్థిపంజరం! పక్కన కత్తెర, 1320ల నాటి నాణేలు. మంగలి అయ్యుంటాడనుకున్నారు, ఇప్పటికీ దాన్ని మంగలి రాయి అనే అంటారు. ఆరువందల ఏళ్ళు ఆ బరువు కింద పడుకున్న మనిషి! అక్కణ్ణుంచి కాలు కదల్లేదు నాకు.

కైలర్‌ది మార్మలేడ్, అంటే నారింజ జామ్, వ్యాపారం చేసిన కుటుంబం. ఆ డబ్బుతోనే రాళ్ళను తిరిగి లేపించాడు. రాయి పోయిన చోట సిమెంటు దిమ్మె పెట్టించాడు. నిలబడ్డ రాళ్ళకన్నా ఆ దిమ్మెలే నన్ను ఎక్కువ కదిలించాయిరా. ఇక్కడొకటి ఉండేదని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆయనే వలయంలోని కొన్ని ఇళ్ళు కూడా పడగొట్టించాడు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. రాళ్ళూ మనుషులూ కలిసి బతకొచ్చు కదా! మీ ఊళ్ళో ఒక నిలువురాయిని ఎల్లమ్మ అని కొలుస్తారు, దాన్ని ఎవరు పడగొడతారు చెప్పు?

తిరిగొచ్చేటప్పుడు పాతకాలంలో మనుషులే పోసిన సిల్బరీ దిబ్బ కూడా చూశాను. ఎక్కనివ్వరు, రోడ్డు మీంచే.

ఒక పని చెయ్యి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ నాయన్ని కూర్చోబెట్టి, సాగు కోసం తీసేసిన రాళ్ళు ఏ పొలంలో ఎక్కడుండేవో అడుగు. ఆయనకు గుర్తున్నంత వరకు కాగితం మీద గీయించి, ఫొటో తీసి పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ
రవి