ఆ ‘పూర్తి దరఖాస్తు’ ఎప్పటికి పూర్తవుతుంది సార్?

సంపాదకుడు గారికి నమస్కారం.

చిన్న పరిశ్రమలకు అనుమతులు ఇంకా సులువు చేస్తాం, అవసరమైతే చట్టాలు మారుస్తాం అని ఏ మీటింగులో చూసినా చెబుతున్నారు. సంతోషం. మార్చేటప్పుడు చట్టం మొత్తం తిరగరాయక్కర్లేదు, ఒక్క మాట సంగతి తేల్చండి చాలు అని చెప్పడానికే ఈ ఉత్తరం. ఆ మాట ‘పూర్తి’.

తెలంగాణ వచ్చిన ఏడాదే, 2014లో, పరిశ్రమలకు తొందరగా అనుమతులివ్వడానికి టీఎస్ ఐపాస్ చట్టం చేశారు. 2015 జూన్ 12న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు దాన్ని మొదలుపెట్టారు. 200 కోట్లు దాటిన ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు, అన్ని శాఖలకూ కలిపి ఒకటే దరఖాస్తు, యజమాని తన పూచీ మీద రాసిచ్చే కాగితాన్ని సర్కారు నమ్మడం, ఆలస్యం చేసిన అధికారికి రోజుకు వెయ్యి రూపాయల జరిమానా... ఇవన్నీ అప్పట్లో పేపర్లలో చదివి సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నా. ఇప్పటికీ అది మంచి చట్టమే అంటాను. అంతకుముందు ఒక్కో శాఖ గడప ఎక్కి దిగినవాళ్లను అడిగితే తేడా చెబుతారు. కానీ ఆ 30 రోజులు లెక్కపెట్టేది మనం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాదు, ‘పూర్తి దరఖాస్తు’ అందిన రోజు నుంచి. అది పూర్తయిందో లేదో చెప్పేది మాత్రం సీట్లో కూర్చున్నాయన.

మా తమ్ముడి సంగతి చెబితే సులువుగా అర్థమవుతుంది. మాది వరంగల్ పక్కన గీసుకొండ మండలం. మిర్చి అమ్మే ఏనుమాముల మార్కెట్ మాకు దగ్గరే కాబట్టి కారం పట్టే గిర్ని పెట్టి, ప్యాకెట్లు చేసి హన్మకొండ, కాజీపేట కిరాణా షాపులకు వేద్దామని మా తమ్ముడి ఆలోచన. తప్పేం కాదు కదా. మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సొంత సరుకన్న ముద్ర, వచ్చింది, ఎర్రటి రంగు, తక్కువ కారం, చూడటానికి టమాటాలా ఉంటుంది, ఊరంతా మురిసిపోయింది. అయినా అది బస్తాల్లోనే లారీ ఎక్కి పోతోంది. పొడి చేసి పేరు వేసుకుంటే వచ్చే నాలుగు రూపాయలు ఇంకెవరికో పోతున్నాయి. ఇలాంటి చిన్న ఫుడ్ యూనిట్లకు కేంద్రం పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ కూడా ఉంది. బ్యాంకు వాళ్లు లోన్ ఇచ్చారు, మిషన్లు వచ్చాయి. అనుమతుల దగ్గర ఆగాడు.

ఏ ఆఫీసు అన్నది రాయను, రాస్తే వాడి ఫైలుకు ఇంకో ఆరు నెలలు. మొదటి కొర్రీ: పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తేవాలి. సరే, తెచ్చాం. పదిహేను రోజుల తర్వాత రెండోది వచ్చింది, దీనికి మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాగితాల్లో జిల్లా పేరు తేడా ఉందట. ఉండక ఏమవుతుంది సార్? మా నాయన కొన్న దస్తావేజులో వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టాక వచ్చిన కాగితాల్లో వరంగల్ రూరల్. 2021లో పేర్లు మార్చాక మళ్లీ వరంగల్. ఊరు ఒక్క అడుగు కూడా కదలలేదు, బోర్డులు మార్చింది సర్కారు, ఆ మార్పుకు రుజువు తేవాల్సింది మాత్రం మేము. ఆ లెక్కన 2024లో రాష్ట్రం పొట్టి పేరు కూడా టీఎస్ పోయి టీజీ వచ్చింది కదా, దానికి కూడా మా తమ్ముడు అఫిడవిట్ ఇవ్వాలేమో, అడగకముందే నేనెందుకు గుర్తు చేస్తున్నానో!

మూడోది మిషన్ల హార్స్‌పవర్, కరెంటు లోడు లెక్క సరిపోలేదని. అది న్యాయమైన ప్రశ్నే, ఒప్పుకుంటా, వాడే తప్పు రాశాడు. నా బాధ అల్లా మూడూ మొదటి రోజే కనిపించే తప్పులు కదా, ఒకేసారి చెప్పొచ్చు కదా అని. ఒకటి సరిచేసి పంపితే ఇంకోటి, అది పంపితే మరోటి, వచ్చిన ప్రతిసారీ దరఖాస్తు ‘అసంపూర్తి’ అయిపోతుంది, రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి. కంప్యూటర్‌లో చూస్తే అంతా గడువులోపే ఉన్నట్టు! కాబట్టి జరిమానా ఎవరికీ పడదు. బయట బ్యాంకు వడ్డీ మాత్రం ఏ కొర్రీ కోసమూ ఆగదు. మిర్చి ధర దిగే ఫిబ్రవరి, మార్చిలో సరుకు కొనిపెట్టుకోవాలి, ఆ సీజన్ ఈ కాగితాల్లోనే పోయింది.

మెగా టెక్స్‌టైల్ పార్కు కూడా మా మండలంలోనే ఉంది, గీసుకొండ, సంగెం మండలాల మధ్య. 2017 అక్టోబర్ 22న శంకుస్థాపన. సూరత్‌కు, భీవండికి బతకపోయిన మన నేతన్నలు వెనక్కి రావాలన్న ఆశతో పెట్టింది, అక్కడికి పెద్ద కంపెనీలు రావాలి, వాళ్లకు రోడ్డూ నీళ్లూ కరెంటూ ముందే సిద్ధం చేయాలి, నేను కాదనను. పెద్ద కంపెనీకి ఫైలు వెంట తిరగడానికే ఒక మనిషి ఉంటాడు, లాయర్ ఉంటాడు, మంత్రిగారి పేషీలో ఫోన్ ఎత్తేవాళ్లు ఉంటారు. మా తమ్ముడికి ఉన్నది మీసేవ సెంటర్‌లో ఆన్‌లైన్ చేసిపెట్టే పిల్లగాడు, ఒక బైకు. ఆఫీసుకు పోయిన రోజు గిర్ని షెడ్డు పని బంద్.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ‘వీళ్లకు రూల్సే వద్దట’ అంటారు. తనిఖీలు ఎత్తేయమని నేను అడగడం లేదు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి యాభై మందికి పైగా చనిపోయారు, ఎక్కడెక్కడి నుంచో కూలికి వచ్చినవాళ్లు. అది చూశాక కూడా తనిఖీ వద్దనేవాడు మనిషి కాదు. కారం గిర్నిలో కూడా వైరింగ్ సరిగా ఉండాలి, దుమ్ము బయటికి రాకుండా చూడాలి, లేదంటే పక్కింటి వాళ్లు తుమ్ములతో చస్తారు, మమ్మల్ని తిట్టడం న్యాయమే. వచ్చి మిషన్ చూడండి, స్విచ్ బోర్డు చూడండి. మిషన్ దగ్గరికి ఇంతవరకు ఒక్కరూ రాలేదు సార్, చూసిందంతా జిరాక్స్ కాపీలే.

ఇళ్ల అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం చూడండి. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాకా ఇల్లు కట్టుకోవడానికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. 600 గజాల దాకా యజమాని రాసిచ్చిన దాన్ని నమ్మి వెంటనే అనుమతి ఇస్తారు, అబద్ధం రాస్తే కూలగొట్టే అధికారం పెట్టుకున్నారు. మనిషి కాపురం ఉండే ఇంటికి ఇంత నమ్మకం పెట్టగలిగిన సర్కారు, రెండు మిషన్ల గిర్నికి ఎందుకు పెట్టలేదు?

2024 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు చిన్న పరిశ్రమల పాలసీ విడుదల చేశారు, అందులో మంచి మాటలే ఉన్నాయి. కానీ పాలసీ చూపించి కౌంటర్ దగ్గర గట్టిగా అడగలేం. చట్టంలో ఉంటే అడగొచ్చు. అందుకే రాయదలిస్తే చట్టంలోనే రాయండి: దరఖాస్తు అందిన వారంలోపు లోపాలన్నీ ఒకే ఉత్తరంలో, తెలుగులో, ఏ అధికారి అడుగుతున్నాడో పేరు, హోదాతో చెప్పాలి, ఆ తర్వాత కొత్త కొర్రీ పెడితే ఆ రోజులు ఆఫీసు ఖాతాలోనే పడాలి. సర్కారు సొంతంగా మార్చిన జిల్లా పేరుకో, మండలం పేరుకో పౌరుణ్ని రుజువు అడగకూడదు, గెజిట్ వాళ్ల దగ్గరే ఉంటుంది కదా. ఇక కలెక్టర్ గారి అధ్యక్షతన కూర్చునే జిల్లా కమిటీ నెలకోసారి ఎన్ని అనుమతులు ఇచ్చామో చెప్పడంతో పాటు, ఎన్ని దరఖాస్తులు ఎన్నిసార్లు వెనక్కి పంపామో కూడా నోటీసు బోర్డు మీద పెడితే, ఏ టేబుల్ దగ్గర బండి ఆగుతోందో వాళ్లకే కనిపిస్తుంది.

మూడో కొర్రీకి జవాబు పంపి నెల దాటింది. పోయిన సోమవారం మా తమ్ముడు మీసేవ పిల్లగాడితో చూపించుకుంటే ‘పరిశీలనలో ఉంది’ అని వచ్చింది. మిషన్లు టార్పాలిన్ కింద ఉన్నాయి. వానొస్తే మా అమ్మ పోయి ఆ టార్పాలిన్ సర్దుతోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గీసుకొండ మండలం, వరంగల్ జిల్లా (ప్రస్తుతానికి)