మీ తమ్ముడి గురించి కొంచెం వివరంగా

ఒరేయ్ రవీ,

"ఎదురుగా కూర్చుని ఉంటాడు గానీ వాడికి మేమెవరం పట్టడం లేదురా" అన్నావు చూడు, ఆ మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నాను. మీ తమ్ముడికున్న జబ్బే ఉన్న మా బాబాయిని చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగినవాణ్ణి కదా.

స్కిజోఫ్రీనియా అనగానే అందరూ చెవిలో గొంతులు, అనుమానాల గురించే అడుగుతారు. రేడియోలో వార్తలు చదివేవాళ్లు తన గురించే చెబుతున్నారని బాబాయి నమ్మేవాడు. మాతో మాట్లాడాలంటే ముందు వెళ్లి ప్లగ్గు పీకి, రేడియోని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. అలాంటప్పుడు వాదించి లాభం లేదు. జాన్ నాష్ అంతటి గణిత మేధావి, 1994లో నోబెల్ అందుకున్నాయన, ఆయనకీ ఇదే జబ్బు, తనకొచ్చిన వింత ఆలోచనలు కూడా గణితం ఆలోచనలు తట్టినట్టే తట్టాయని, అందుకే నమ్మానని చెప్పాడు. అందుకని నువ్వు కాదని వాదించకు, అవునని తలూపకు. "నాకు వినపడటం లేదు గానీ, నీకు భయంగా ఉందని తెలుస్తోందిరా" అను, చాలు.

మందులు పడ్డాక మీవాడికి గొంతులు తగ్గాయన్నావు. చాలా సంతోషం. అయితే ఆ మందులు ఎక్కువగా పనిచేసేది వాటి మీదే. మాట తగ్గిపోవడం, ధ్యాస నిలవకపోవడం, దేని మీదా ఉత్సాహం లేకపోవడం అంత తొందరగా లొంగవు. మనిషిని నలుగురికీ దూరం చేసేది ఇవేనని నా నమ్మకం. మీ ఇంట్లో భోజనాల సందడి నాకు తెలియనిదా! నాన్నగారు ఎరువుల రేట్లు ఎత్తుకుంటారు, మధ్యలో అక్క పెళ్లి సంగతి తెస్తుంది, నువ్వు జోకేస్తావు. వాడు మొదటి మాట అందుకుని, జవాబు కూడదీసుకునేసరికి మీరు మూడో విషయంలో ఉంటారు. ఎవరు సరదాగా అన్నారో, ఎవరు విసుక్కున్నారో ముఖం చూసి పోల్చుకోవడం కూడా ఈ జబ్బులో కష్టమే. రోజూ ఇలాగే అయితే ఎవరైనా కంచం పట్టుకుని గదిలోకి పోతారు. అది పొగరు కాదురా, బద్ధకమూ కాదు.

ఇంకోటి. ముఖంలో ఏ భావమూ కనిపించనివాళ్లకి కూడా లోపల సంతోషం, బాధ చాలావరకు మనలాగే కలుగుతాయని పరిశోధనల్లో తేలింది. మీ అమ్మగారికి ఇది తప్పకుండా చెప్పు. పాపం, ఆవిడ వాడి ముఖం చూసే కదా కుంగిపోతున్నారు.

బాబాయి పదిమందిలో నోరు విప్పేవాడు కాదు. మా నాన్నమ్మతో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడు మాత్రం మాట్లాడేవాడు. ఓ మాట, గుప్పెడు కాయలయ్యాక ఇంకో మాట. ఆవిడ తొందరపెట్టేది కాదు. నువ్వూ వాడితో ఒక్కడివే కూర్చో, చేతికి ఏదో ఒక పని పెట్టుకో, ఒకసారి ఒక్కటే అడుగు.

దెప్పిపొడుపులు మాత్రం మాన్పించు. ఇంట్లో విమర్శలు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని చాలా దేశాల్లో చూశారు. బాగున్నాడు కదా అని డాక్టరుని అడక్కుండా మందులు ఆపొద్దు. నీకే టెన్షన్ పెరిగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

దసరాకి వస్తున్నా. క్యారమ్స్ బోర్డు దులిపి ఉంచమని వాడికి చెప్పు. నేనేదైనా అడిగి, వాడు జవాబు ఆలస్యం చేస్తే, వాడి బదులు నువ్వు చెప్పెయ్యకు. నాకేం తొందర లేదు.

నీ
మధు