పాటలకంటూ ఒక చోటు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో పాత మ్యూజిక్ ప్లేయర్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫోన్లలో స్టోరేజీ పెరిగేసరికి విడిగా ప్లేయర్ అవసరం తీరిపోయిందని రాశారు. నేను 32 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే లెక్క కుదరడం లేదు.

2001 అక్టోబరులో యాపిల్ తెచ్చిన మొదటి ఐపాడ్‌లో 5 జీబీ హార్డ్‌డిస్క్ ఉండేది. జేబులో వెయ్యి పాటలు అని చెప్పి అమ్మారు. 2007 నాటికి ఐపాడ్ క్లాసిక్ 160 జీబీకి చేరింది. అదే ఏడాది వచ్చిన తొలి ఐఫోన్‌లో 4 జీబీ, లేదంటే 8 జీబీ. అంటే పెద్ద ఫోన్ కొన్నా ప్లేయర్‌లో ఇరవయ్యో వంతే. అయినా జనం ఫోనే కొన్నారు. మాట్లాడటానికి ఎలాగూ ఒకటి జేబులో ఉండాలి, రెండోది ఎవరు మోస్తారు? 2014 సెప్టెంబరులో క్లాసిక్‌ను ఆపేశారు. విడిభాగాలు దొరకడం లేదని అప్పటి యాపిల్ అధిపతి టిమ్ కుక్ ఆ తర్వాత చెప్పారు. ఆ సెప్టెంబరులోనే వచ్చిన ఐఫోన్ 6లో ఎక్కువలో ఎక్కువ 128 జీబీ. ఆగిపోయే రోజుకి కూడా పాటల డబ్బాలోనే ఎక్కువ చోటు ఉంది. 2022లో ఐపాడ్ టచ్ కూడా ఆగిపోయింది.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, మా అమ్మ పాటలు.

అమ్మ మంగళహారతులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు బాగా పాడేది. ఊళ్లో ఏ పెళ్లి జరిగినా పిలుపు వచ్చేది. 1980ల్లో నాన్న టేప్ రికార్డర్ కొని అవన్నీ రికార్డు చేశారు. మొత్తం 43 క్యాసెట్లు, ఒక్కొక్కటి గంట. 2012 వేసవి సెలవుల్లో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. గంట క్యాసెట్ ఎక్కడానికి గంటా పడుతుంది, అందులో దొడ్డిదారి లేదు. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున గంటకు 57.6 ఎంబీ. 43 క్యాసెట్లకు రెండున్నర జీబీ కూడా నిండలేదు. అమ్మ గొంతు, వెనకాల బావి గిలక చప్పుడు, మధ్యలో మా చెల్లి ఏడుపు, అన్నీ అందులోనే. వాటిని మేనల్లుడు ఇచ్చిన 160 జీబీ ఐపాడ్‌లోనూ, తర్వాత నా 64 జీబీ ఫోన్‌లోనూ పెట్టుకున్నాను.

ఫోన్‌కి ఆ రెండున్నర జీబీ ఏమూలకు? కానీ పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలు, మనవల ఫొటోలు, యాప్‌ల అప్‌డేట్లు కలిసి నాలుగేళ్లలో దాన్ని నింపేశాయి. రోజూ స్టోరేజ్ ఫుల్ అని వస్తుంటే టెన్షన్ పడి ఒక షాపులో ఇచ్చాను. శుభ్రం చేసి ఇచ్చారు. అమ్మ పాటల ఫోల్డర్ కూడా పోయింది. ‘సైడ్ ఎ 14’, ‘సైడ్ బి 14’ అని పేర్లున్న ఫైళ్లు ఎవరికి కావాలి అనుకుని ఉంటారు. కంప్యూటర్ అంతకుముందే పాడైంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి బీరువాలో ఐపాడ్ తీసి ఛార్జింగ్ పెట్టి, అమ్మ గొంతు వినబడ్డాకే మంచినీళ్లు తాగాను. దానిలోకి ఇంకేదీ వచ్చి చేరదు కాబట్టే పాటలు మిగిలాయి.

మా అక్కకు 78 ఏళ్లు, చూపు బాగా తగ్గింది. టచ్ ఫోన్ మీద వేలు పెడితే ఎక్కడ పడుతుందో ఆమెకు తెలియదు. ఐపాడ్ చక్రం మీద బొటనవేలు తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఆ టిక్కులు లెక్కపెట్టి తనకు కావలసిన పాట పెట్టుకుంటుంది. ఈమధ్య డిస్క్ కొట్టుకుంటుంటే విశాఖలో ఒక మెకానిక్ పాటలు ముందు బయటికి తీసి, దాని స్థానంలో మెమరీ కార్డు అమర్చి ఇచ్చాడు. ఇప్పుడు బరువు కూడా తగ్గిందని అక్క సంతోషపడింది.

పాటలకు యాప్‌లు ఉన్నాయిగా అంటారు. వాటిలో దాచుకున్న పాట చందా అయిపోతే తెరుచుకోదు. మా అమ్మ పాట ఏ యాప్‌లోనూ లేదు.

అందుకే ఫోన్ కంపెనీలకు నా మనవి ఒకటే. మెమరీ కార్డు పెట్టుకునే చోటు తీసేయకండి. ధర ఎక్కువున్న ఫోన్లలో చాలావాటికి ఇప్పుడు అది లేదు. కార్డు ఉంటే ఫోన్ ఎవరి చేతికి ఇచ్చినా ముందు దాన్ని బయటికి తీసి జేబులో వేసుకోవచ్చు.

మీకూ ఒక మనవి. క్యాసెట్ నుంచి ఫైలుగా ఎలా మార్చుకోవాలో మీ ఆదివారం పేజీలో బొమ్మలతో వేయండి. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ మైక్ రంధ్రానికి ఒక వైరు, టేపు రాసుకునే హెడ్ తుడవడానికి స్పిరిట్‌లో ముంచిన దూది ఉంటే పని మొదలుపెట్టొచ్చు. వానలు పడకముందే వేస్తే మంచిది. టేపుకు బూజు పట్టేది అప్పుడే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
పార్వతీపురం