వెనక తలుపు తాళం తీశాను, నా సంతకం కొట్టేశాను

మన సెలూన్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

పోయిన శనివారం సాయంత్రం ఏం జరిగిందో మీలో కొందరు కళ్లారా చూశారు. మిగతావాళ్లకి ఈపాటికి కబురు అందే ఉంటుంది. నగర పాలక మండలి షాపులకి తేబోతున్న కొత్త నిబంధనల మీద మన పాత కస్టమర్లు ఇద్దరి మధ్య మాటామాటా పెరిగింది. వాళ్లలో ఒకాయన మెడకి కట్టిన గుడ్డ తనే విప్పుకుని, సగం కటింగ్‌తో కుర్చీలోంచి లేచి వెళ్లిపోయారు. ఎడమ చెవి పైన జుట్టు అలాగే ఉండిపోయింది. నేను చేతిలో కత్తెర పట్టుకుని ఒక్క మాట కూడా అనకుండా నిలబడ్డాను.

ఆ గొడవకి మూలం నా కౌంటరు మీద పెట్టిన కాగితం. ‘ఈ నిబంధనలు రద్దు చేయాలి’ అని మా షాపుల వాళ్లం కలిసి రాసుకున్న వినతిపత్రం అది. అందులో మొదటి సంతకం నాది. కటింగ్ అయ్యాక డబ్బులు తీసుకుంటూ ఆ కాగితం మీ ముందుకి జరిపాను, చాలామంది నా మొహం చూసి పెట్టేశారు. ఇప్పుడు దాని గురించి మీకు నిజం చెప్పాలి. సంతకం చేసేనాటికి నేను ఆ నిబంధనల ముసాయిదా చదవలేదు. షాపుల వాళ్ల ఫోన్ గ్రూపులో ఎవరో ‘మన పొట్ట కొడుతున్నారు’ అని పెడితే, అదే నిజమనుకుని అందరికీ చెప్పుకుంటూ పోయాను.

శనివారం రాత్రి షట్టర్ దించాక కూర్చుని మొత్తం చదివాను. ముఖ్యమైనవి ఇవీ: పనిముట్లు ఎప్పుడు, దేనితో శుభ్రం చేశామో రోజూ ఒక పుస్తకంలో రాయాలి. షాపు తెరిచి ఉన్నంతసేపూ రెండో దారికి తాళం ఉండకూడదు. లోపల ఒకేసారి ఎంతమంది ఉండొచ్చో తలుపు మీద రాసి పెట్టాలి. ఘాటైన రసాయనాలు వాడే చోట గాలిని బయటికి లాగే ఫ్యాను ఉండాలి. అంటువ్యాధి ఉందని ఆరోగ్య శాఖ ప్రకటించిన రోజుల్లో సిబ్బంది, కస్టమర్లు అందరూ మాస్కు పెట్టుకోవాలి. రాత్రి ఎనిమిదికల్లా మూసేయాలి. దీని మీద అభ్యంతరాలు వినడానికి వచ్చే సోమవారం బహిరంగ విచారణ పెట్టారు.

మన షాపులో జరిగిన వాదనలో ఈ ముక్కలేవీ సరిగ్గా రాలేదు. ‘తనిఖీ పేరుతో డబ్బులు గుంజడానికే ఇదంతా’ అని ఒకరు, ‘ఎవరి ప్రాణమైనా పోయేదాకా ఆగుదామా’ అని ఇంకొకరు. పది నిమిషాల్లో అది ఎవరు ఏ పార్టీకి ఓటేశారన్న దగ్గరికి వెళ్లిపోయింది. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే కదా అని నేను గోడమీద పిల్లిలా కూర్చున్నాను. తెలిసినవాడు నోరు విప్పితే ఆ గొడవ అంత దూరం వెళ్లేది కాదు. ఈ నిబంధనల్లో సగం నేను రోజూ ముట్టుకునే వస్తువుల గురించినవే.

ముందు వెనక తలుపు సంగతి చెబుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

రెండు నెలల కిందట ఒక సాయంత్రం హెయిర్ డ్రయ్యర్ వైరు కాలి లోపల పొగ కమ్మింది. కరెంటు పోయింది. అప్పుడు షాపులో తొమ్మిది మంది ఉన్నారు, ఒకామె ఒళ్లో పాప. ముందు వైపు దారికి అడ్డంగా ఆ డ్రయ్యరే ఉంది. ‘వెనక తలుపు తియ్యండి’ అని ఎవరో అరిచారు. తలుపుకి అడ్డంగా టవళ్ల అట్టపెట్టెలు, షాంపూ డబ్బాలు, చెయ్యి విరిగిన పాత కుర్చీ. తాళంచెవి గల్లాపెట్టెలో చిల్లర కింద. చీకట్లో దాన్ని వెతకడానికి నాకెంతసేపు పట్టిందో తెలియదు కానీ, ఈలోపు మా కుర్రాడు ప్లగ్గు పీకేసి తడిగుడ్డ వేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి నేను కూడా మర్చిపోయాను. అట్టపెట్టెలు మళ్లీ అక్కడే పేర్చాను. ఆ తర్వాత ‘తాళం ఉండకూడదు’ అన్న నిబంధనకి వ్యతిరేకంగా మీ చేత సంతకాలు పెట్టించాను. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

1903 డిసెంబర్ 30న చికాగోలో ఇరోక్వాయ్ థియేటర్ అంటుకున్నప్పుడు 600 మందికి పైగా చనిపోయారు. అది తెరిచి నెలన్నర కూడా కాని కొత్త భవనం. అసలు అగ్నికి చెక్కుచెదరదని ప్రచారం చేశారు. తలుపులు చాలానే ఉన్నాయి. కానీ కొన్నింటికి తాళాలు, కొన్నింటికి జనానికి అంతుబట్టని గొళ్లాలు. కొన్ని అసలు తెరల వెనక కనబడనే లేదు. పెద్ద భవనాల తలుపులకి అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది చూడండి, ఒంటితో నెట్టితే చాలు తెరుచుకుంటుంది, అమెరికాలో అలాంటివి ఆ ఘటన తర్వాతే బాగా వాడకంలోకి వచ్చాయి. కొత్త నిబంధన రాగానే ‘ఇది ఏ పార్టీ తెచ్చింది’ అని మనం అడుగుతాం. తలుపుల నిబంధనలు చాలావరకు ఇలాంటి చావుల తర్వాత రాసుకున్నవే.

ఆదివారం పొద్దున మేం నలుగురం కలిసి వెనక భాగం ఖాళీ చేశాం. తాళం పారేసి, లోపలి నుంచి చేత్తో తిప్పితే తెరుచుకునే గొళ్లెం బిగించాం. లైట్లన్నీ ఆర్పి ఒక్కొక్కరం చివరి కుర్చీ దగ్గర్నుంచి తడుముకుంటూ బయటికి వెళ్లి చూశాం. ఈసారి వచ్చినప్పుడు మీరూ ఒకసారి ఆ తలుపు తీసి చూడండి, ఎటు తిరుగుతుందో చేతికి తెలిసి ఉండాలి.

ఇక బ్లేడు. ‘కొత్త బ్లేడేనా’ అని మీరు అడుగుతారు, మా వాళ్లు మీ ముందే కాగితం విప్పి చూపిస్తారు. అందులో ఏ మోసమూ లేదు. కానీ బ్లేడు ఒక్కటే సరిపోదు. ముసాయిదా చదివాక మా రేజర్ హోల్డర్లన్నీ తెల్లటి టవల్ మీద పరిచి, టార్చి వేసి చూశాను. బ్లేడు కూర్చునే సందులో ఒకదానికి గోధుమరంగు మరక గట్టిపడి ఉంది. ఎండిన రక్తం. ఎవరిదో, ఎన్ని రోజులదో తెలియదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికి ఉండి అంటుకోగలదు. అది అంటుకోవడానికి కంటికి కనబడేంత రక్తం కూడా అక్కర్లేదు. కొత్త బ్లేడుని అలాంటి హోల్డర్‌లో పెట్టి నేను మీ గడ్డం కింద గీశానేమోనన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

నీలం లైటు వెలిగే ఆ పెట్టె గురించి కూడా చెప్పాలి. అందులోంచి కత్తెర తీసి ఇస్తుంటే మీకు ఎంతో భరోసాగా ఉంటుంది. నాకూ అలాగే ఉండేది. ఆ లైటు పడిన వైపే పనిచేస్తుంది. మడిచిన కత్తెర లోపలి అంచుకి, దువ్వెన పళ్ల మధ్యకి, మురికి కింద ఉన్నదానికి అది చేరదు. శుభ్రం చేసిన వస్తువు దాచుకోవడానికి పనికొస్తుందే గానీ శుభ్రం చేసే పని దానిది కాదు. ముందు సబ్బుతో తోమి జుట్టూ జిడ్డూ వదిలించాలి, తర్వాత క్రిమిసంహారక ద్రావణంలో డబ్బా మీద రాసినంతసేపు పూర్తిగా మునిగి ఉండాలి. ముంచి తీసేస్తే కుదరదు. అందుకని ప్రతి కుర్చీకి మూడేసి సెట్లు కొన్నాను. ఒకటి వాడుకలో, ఒకటి ద్రావణంలో, ఒకటి ఆరుతూ. అందరి మొహానికీ ఒకే పటిక ముక్క రుద్దే అలవాటు కూడా మానేశాం. గాటు పడితే చిటికెడు పటిక పొడి దూదికి అద్ది ఆ దూది పారేస్తాం. మా వాళ్లందరికీ హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేయించాను, మిగతావి వరసగా వేయిస్తాను. హెపటైటిస్ సి కి టీకా లేదు కాబట్టి శుభ్రత విషయంలో ఎలాగూ రాజీ పడలేం.

రోజూ పుస్తకంలో రాయాలంటే మొదట చిరాకేసింది. ఇప్పుడు నాలుగు రోజులుగా రాస్తున్నాం. రాయడం మొదలుపెట్టి వెనక్కి తలుచుకుంటేనే తెలిసింది, రద్దీగా ఉండే శనివారం సాయంత్రాల్లోనే మేం ఎక్కువ ఎగ్గొట్టేవాళ్లమని. పుస్తకం అద్దం పక్కనే వేలాడదీశాను. తనిఖీకి వచ్చేవాళ్ల కోసం దాచిపెట్టడం లేదు, మీరు తిరగేసి చూడండి.

జుట్టు స్ట్రెయిటెనింగ్ ఈ వారం నుంచి ఆపేస్తున్నాం. కొందరికి ఇది నచ్చదని తెలుసు, ముందే బుక్ చేసుకున్నవాళ్లకి డబ్బు తిరిగి ఇచ్చేస్తున్నాను. మేం వాడే సీసా మీద ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో మిథిలీన్ గ్లైకాల్ అని ఉంది. జుట్టుకి రాసి వేడి ఇస్త్రీ పెట్టగానే దాన్నుంచి వచ్చేది ఫార్మాల్డిహైడ్ వాయువే. అది మనుషులకి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. మీరు ఆ పొగలో ఏడాదికి రెండు మూడు గంటలు కూర్చుంటారు, మా దగ్గర ఆ పని చేసే అమ్మాయి వారానికి నాలుగు రోజులు నిలబడుతుంది. కళ్లు మండుతున్నాయని తను చెప్పినప్పుడల్లా ఫ్యాను తిప్పుకోమన్నాను. గది ఫ్యాను ఆ గాలిని గదిలోనే తిప్పుతుంది, బయటికి పంపదు.

మాస్కు దగ్గరే శనివారం గొడవ ముదిరింది కాబట్టి, దాని గురించి నాకు తెలిసింది చెప్పేస్తాను. 2020 మేలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఒకే సెలూన్‌లో ఇద్దరు హెయిర్ స్టైలిస్టులు, తమకి కోవిడ్ ఉందని తేలేలోపు 139 మందికి పనిచేశారు. స్టైలిస్టులకీ, దాదాపు కస్టమర్లందరికీ మాస్కులు ఉన్నాయి. పరీక్ష చేయించుకున్న 67 మందిలో ఒక్కరికీ వైరస్ రాలేదు. మిగతావాళ్లు పరీక్షే చేయించుకోలేదు, కాబట్టి మాస్కే అందరినీ కాపాడిందని నేను గట్టిగా చెప్పలేను. కానీ మీ మొహానికి జానెడు దూరంలో అరగంట ఊపిరి పీల్చి వదిలే పని నాది. అంటువ్యాధి రోజుల్లో ఆ గుడ్డముక్క కట్టుకోవడం నాకు బరువనిపించదు. ‘నాయకులే పెట్టుకోరు, మనకెందుకు’ అని ఒకాయన అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది, అది పాత కోపమే. 1918 ఫ్లూ రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు ఆజ్ఞ ఉండగా అక్కడి మేయరే బాక్సింగ్ పోటీలో మాస్కు లేకుండా దొరికి జరిమానా కట్టాడు. తర్వాతి ఏడాది జనవరిలో ఆజ్ఞ మళ్లీ తెచ్చేసరికి జనం మాస్కు వ్యతిరేక సంఘమే పెట్టుకున్నారు. పెద్దలు పాటించకపోతే జనానికి నమ్మకం పోతుంది, ఒప్పుకుంటాను. అయినా వైరస్ ఆ తగాదా చూసి ఆగదు.

అంతమాత్రాన ముసాయిదా మొత్తం నాకు నచ్చిందని కాదు. రాత్రి ఎనిమిదికల్లా మూసేయాలన్నది తప్పని నా అభిప్రాయం. భద్రత కోసమని రాశారు. మా వీధిలో ఎనిమిది తర్వాత వెలుతురు ఇచ్చేవి షాపుల లైట్లే, వీధి దీపాల్లో సగం వెలగవు. పని ముగించుకుని ఒంటరిగా నడిచి వెళ్లే ఆడవాళ్లకి తెరిచి ఉన్న తలుపు, లోపల మెలకువగా ఉన్న నాలుగు జతల కళ్లు ఎంత ధైర్యమో మా దగ్గర పనిచేసే అమ్మాయిలని అడగండి. అందరం ఒకేసారి షట్టర్లు దించేస్తే ఆ వీధి ఎవరి చేతికి అప్పజెప్పినట్టు? దీపాలు ముందు వేసి ఆ తర్వాత వేళల గురించి మాట్లాడమని అడుగుతాను. తనిఖీకి వచ్చేవాళ్లు ఏమేం చూస్తారో ముందే రాతపూర్వకంగా ఇవ్వాలనీ, చిన్న షాపులకి ఫ్యాను పెట్టుకోవడానికి ఆరు నెలల గడువు కావాలనీ కూడా అడుగుతాను. డబ్బులు గుంజుతారన్న భయం ఊరికే పుట్టలేదు. ఏం చూస్తారో నోటి మాటగా ఉన్నంతకాలం ఆ భయం ఉంటుంది.

కౌంటరు మీది కాగితం తీసేశాను. మా షాపుల సంఘం వాళ్లకి ఫోన్ చేసి నా సంతకం కొట్టేయమన్నాను, వాళ్లకి కోపం వచ్చింది. మీలో ఎవరైనా నా మాట మీద పెట్టి ఉంటే, తీసేయాలనుకుంటే చెప్పండి, శుక్రవారంలోగా కొట్టేయిస్తాను. ఉంచాలనుకుంటే ఉంచండి, అది మీ ఇష్టం.

షాపులో రాజకీయాలు మాట్లాడొద్దని బోర్డు పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. పెట్టను. మనుషులు ఊరి సంగతి ఇక్కడ కాకపోతే ఎక్కడ మాట్లాడుకుంటారు? ముసాయిదా నకళ్లు ఆరు తీయించి బల్ల మీద పెట్టాను. వాదించేముందు సెలూన్ల గురించి ఉన్న రెండు పేజీలు చదవండి, అంతే. మాట తప్పుదారి పడితే ఈసారి నేను కత్తెర పక్కన పెట్టి మధ్యలోకి వస్తాను.

ఆ సగం కటింగ్‌తో వెళ్లిన పెద్దాయన ఇంటికి మంగళవారం పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్లాను. వరండాలో కుర్చీ వేయించి కూర్చున్నారు. మాస్కు గురించి ఆయన అభిప్రాయం మారలేదు. హోల్డర్ విప్పి చూపించమన్నారు, చూపించాను. చెవి పైన సరిచేసి వచ్చాను.

సోమవారం పొద్దున షాపు మూసి ఉంటుంది, విచారణకి వెళ్తున్నాం. మధ్యాహ్నం రెండింటికి తెరుస్తాం. అక్కడ చెప్పాల్సింది ఏమైనా మీకు ఉండి రాలేకపోతే, రాసి ఇవ్వండి. అది నా అభిప్రాయానికి వ్యతిరేకంగా ఉన్నా తీసుకెళ్లి అందజేస్తాను.