కప్పను కొయ్యకుంట చూసుడు

హనుమకొండ

బిడ్డా,

ప్రాక్టికల్‌ల కప్ప బాహ్య లక్షణాలు అడుగుతరని రాసినవు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2014ల డిసెక్షన్లు, అంటే కోసి చూసుడు, ఆపమన్న తర్వాత లోపలి భాగాలు చార్టు మీదనో కంప్యూటర్‌లనో చూసుడే. చేతుల పట్టుకొని చూసేది ఈ పై రూపమొక్కటే. బొమ్మ బట్టీ పట్టి పోకు, ముందల ఉన్న కప్పను చూసి చెప్పు.

జాడీల ఉండేది 10 శాతం ఫార్మలిన్, కప్ప కుళ్లకుంట ఉంచే మందు. అంటే బజార్ల దొరికే ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. కండ్లు మండుతయి, కిటికీలు తెరువు, గ్లోవ్స్ లేకుంట ముట్టకు. ఫోర్సెప్స్‌తోని తీసి నల్లా కింద మంచిగ కడుగు. ట్రేల వీపు పైకి, తల నీకు అవతలి దిక్కు ఉండేటట్టు పెట్టు. అట్ల పెడ్తె కప్ప కుడి నీ కుడి ఒక్కటైతయి. బోర్లది ఎల్లకిల తిప్పంగనే కుడి ఎడమ మారుతయి. లేబుళ్లు తప్పు పోయేది ఎక్కువ ఈడనే.

ముందుగాల అది కప్పేనా చూడు. చర్మం గరుకుగ, బొడిపెలతోని ఉండి, కన్ను వెనక ఉబ్బిన పెరోటాయిడ్ గ్రంథి కనపడ్తె అది టోడ్. మన బోదురుకప్ప చర్మం నున్నగ ఉంటది, వీపు మీద నిలువు మడతలుంటయి. చిటికెతోని పడ్తె వదులుగ పైకి లేస్తది, ఎందుకంటె చర్మం కింద శోషరస కోశాలు (లింఫ్ ద్రవం ఉండే సంచులు) ఉన్నయి. రంగు మాత్రం నమ్మకు. ఫార్మలిన్‌ల ఆకుపచ్చ వెలిసి మట్టిరంగైతది.

శరీరం తల, మొండెం, అంతే. మెడ లేదు, తోక లేదు. వీపు వెనక సగంల మూపురం లెక్క ఎత్తు ఉంటది, కటి వలయం (నడుము కింది ఎముకల చట్రం) వెన్నెముకతోని కలిసే చోటు అది. కాళ్లు చాపి పెడ్తె అంతగ తెల్వదు, మడిచి కూసున్నట్టు పెట్టి చూడు.

తల ముక్కోణం. ముట్టె కొనకు పైన రెండు నాసికా రంధ్రాలు. పై రెప్ప మందం, కింది రెప్ప పలుచన. ఆ కింది రెప్పకు ఆనుకొనే నిమేషక పటలం, అంటే కంటిని కప్పే పలుచని పారదర్శక పొర, ఉంటది, మొండి ఫోర్సెప్స్‌తోని మెల్లగ పైకి లాగితే వస్తది, గుంజితే చినుగుతది. కన్ను వెనక గుండ్రంగ ఉండేది కర్ణభేరి. పాత స్పెసిమెన్‌ల అది లోపలికి కుంగి ఒట్టి మచ్చ లెక్క కనపడ్తది, వేలు తిప్పితె అంచు తగుల్తది.

ఇంటర్నెట్‌ల 'కర్ణభేరి కన్ను కన్న పెద్దగుంటె మగది' అని చూసి ఉంటవు. అది అమెరికా బుల్‌ఫ్రాగ్‌కు చెల్లే మాట, మన కప్పకు కాదు. మనదాంట్ల మగదాన్ని పట్టేది రెండు గుర్తులతోని. గొంతు కింద రెండు పక్కల ముడతల స్వరకోశాలు (అరిచేటప్పుడు ఉబ్బే సంచులు) ఒకటి. ముంగాలి మొదటి వేలు లోపలి దిక్కు ఉబ్బిన నప్షియల్ ప్యాడ్ (జత కట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే మెత్త) ఇంకొకటి. ప్యాడ్ సంతాన కాలంల ఉబ్బుతది, మిగతప్పుడు ఆనవాలు తక్కువ, అందుకే స్వరకోశాలు చూసినంకనే ఆడ మగ రాయి. తొలకరికి వరి మడులల్ల నిమ్మపండు రంగుల మెరిసే కప్పలుంటయి కద, అవి వేరే జాతి కాదు. ఈ బోదురుకప్ప మగవే, అప్పుడు స్వరకోశాలు నీలంగ ఉంటయి.

ముంగాళ్లకు నాలుగే వేళ్లు, బొటనవేలు లేదు. మొదటిది రెండోదానికన్న పొడుగు. వెనక కాళ్లకు ఐదు, నాలుగోది అన్నిటికన్న పొడుగు, నడుమ పొర. గోర్లు ఎక్కడ లేవు. ఎండిన కాలు వేళ్లు విడదీస్తె పొర చినిగిపోతది, నీళ్లల్ల పెట్టి విప్పు. వెనక కాళ్ల నడుమ ఉన్న ఒక్క రంధ్రం అవస్కరానిది (క్లోయకా). మలం, మూత్రం, బీజకణాలు అన్నీ అండ్లకెల్లే, కాబట్టి 'పాయువు' అని రాయకు. అది చూసి ఆడ మగ తెల్వదు.

నోరు చివరకు చూడు. దవడ బిగుసుకొని ఉంటది, బలవంతంగ తెరుస్తె విరుగుతది. సార్ ఒప్పుకుంటెనే మూలల కత్తిరించు. పై దవడకు సన్న పండ్లు వేలికి తగుల్తయి, కింది దవడకు లేవు. నాలుక ముందల అంటుకొని ఉంటది, వెనక కొన చీలి వదులుగ ఉంటది.

పొడుగు కొలవమంటె ముట్టె కొన నుంచి అవస్కర రంధ్రం దాక స్కేలు పెట్టు, కాళ్లు లెక్కల రావు. అయినంక కప్పను పూర్తిగ మునిగేటట్టు జాడీల పెట్టు, తేలిన భాగం ఎండి పాడైతది. రికార్డుల పాత పేరు రానా టైగ్రినా అని కాకుంట హోప్లోబాట్రాకస్ టైగరినస్ అని రాయి. సారు పాత పేరు అడుగుతె అదీ చెప్పు.

నీ బాపు